87 రోజులు ఆగని చమురు: జనం కోపం పనికి అడ్డుపడిందా, పనికొచ్చిందా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. 2010లో అమెరికా దక్షిణాన గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో సముద్రం అడుగున ఉన్న బావి అదుపు తప్పి 87 రోజులు చమురు కారింది. ఎక్కడెక్కడి నుంచో జనం లక్షకు పైగా సలహాలు పంపారు, తిట్టారు, పెట్రోలు బంకుల ముందు నిరసనలు చేశారు. ఆ సలహాలను ఎందుకు పట్టించుకోలేదు? ఆ కోపంలో న్యాయం ఉందా, లేక పని చేసేవాళ్ళకు టెన్షన్ పెట్టి ఇంకా ఆలస్యం చేసిందా? చివర్లో ఇంకో మాట కూడా అడిగారు. మీ నాన్నగారు ఓడలరేవు వైపు వేటకు వెళ్తారని, రాత్రిళ్ళు ఒడ్డు నుంచి రిగ్గు లైట్లు కనిపిస్తాయని, అలాంటిది మన దగ్గర జరిగితే ఏంటి పరిస్థితి అని.

ముందు సూటిగా చెప్పేస్తాను. బావి మూయడానికి జనం పంపిన సలహాలు దాదాపు ఏవీ పనికొచ్చేవి కావు. జనం కోపం మాత్రం నూటికి నూరుపాళ్ళూ న్యాయమైనది. బావి ఆపలేకపోయారన్న కోపం కొంతే. రోజుకు ఎంత కారుతోందో నిజం చెప్పలేదన్న కోపమే ఎక్కువ. ఆ అంకెను తక్కువ చేసి చూపడం వల్ల జనం ఒక్కరే మోసపోలేదు, బావి మూసే పని కూడా దారి తప్పింది. నా దృష్టిలో ఈ కథలో అసలు విషయం అదే, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను డ్రిల్లింగ్ ఇంజనీరుని. మొదట కృష్ణా గోదావరి డెల్టాలో భూమి మీద రిగ్గుల్లో, తర్వాత సముద్రం రిగ్గుల్లో పనిచేశాను. 2010లో హ్యూస్టన్‌లో ఒక సర్వీస్ కంపెనీలో ఉన్నాను. ఆ బావి మూసే పనిలో నేను లేను. కానీ ఆ మూడు నెలలూ మా ఆఫీసులో, మా అపార్ట్‌మెంట్లో, గుడిలో ప్రసాదం దగ్గర నిలబడినా ఇదే మాట. "ఏమండీ, మీ వాళ్ళు ఇంకా ఆపలేదేంటి?" అని తెలిసిన ప్రతి ఒక్కరూ అడిగారు. ఆ మధ్య కొన్నేళ్ళు కొత్తవాళ్ళకు వెల్ కంట్రోల్ (బావిని అదుపులో ఉంచే పద్ధతి) పాఠాలు కూడా చెప్పాను, ప్రతి బ్యాచ్‌లోనూ ఈ బావి గురించే ఎక్కువ ప్రశ్నలు వచ్చేవి.

అక్కడ ఏం జరిగింది

2010 ఏప్రిల్ 20 రాత్రి డీప్‌వాటర్ హొరైజన్ అనే రిగ్గు మీద పేలుడు జరిగింది. 11 మంది చనిపోయారు. రెండు రోజులు మండి రిగ్గు మునిగిపోయింది. రిగ్గు ట్రాన్స్‌ఓషన్ అనే కంపెనీది, బావి బ్రిటిష్ కంపెనీ బీపీది, సిమెంటు పని హాలిబర్టన్‌ది. బావి పేరు మకోండో. లూసియానా తీరానికి 65 కిలోమీటర్ల పైన దూరం, నీటి లోతు సుమారు 1,500 మీటర్లు, ఆ అడుగు నుంచి ఇంకా నాలుగు కిలోమీటర్ల కిందకి తవ్విన బావి.

బావి మూతి మీద బీఓపీ అని పెద్ద యంత్రం ఉంటుంది. బావి తిరగబడితే లోపలి పైపును కత్తిరించి మూసేయాలి. అదే దాని పని. అది మూయలేకపోయింది. పైపు లోపల వంగిపోవడంతో కత్తి సరిగ్గా పడలేదని తర్వాత తేల్చారు. 1,500 మీటర్ల లోతుకు డైవర్లు దిగలేరు, అంతా రోబోలతోనే. అక్కడ నీటి ఒత్తిడే చదరపు అంగుళానికి 2,200 పౌండ్లు. మన కారు టైరులో 30, 35 ఉంటుంది. కింద చమురు పొరలో ఒత్తిడి దాదాపు 12,000.

ఇది మన కోనసీమ వాళ్ళకు గండి భాషలో చెబితే సులువు. 1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చి ఏటిగట్లకు గండ్లు పడ్డప్పుడు నేను చిన్నపిల్లాణ్ణి. గండి దగ్గర నిలబడి చూసిన వాళ్ళకు ఒకటి తెలుసు. ఉరవడిలో ఇసుక బస్తా వేస్తే బస్తానే కొట్టుకుపోతుంది. ముందు రెండు వైపులా కట్టుకుంటూ వచ్చి ఉరవడి తగ్గించాలి, లేదా నీరు తగ్గేదాకా ఆగాలి. ఎంత బస్తా వేస్తే నిలుస్తుందో తెలియాలంటే నీరు ఎంత ఉరవడిలో వస్తోందో తెలియాలి. మకోండో దగ్గర గోల అంతా ఈ చివరి మాట దగ్గరే.

ఒక్కొక్క ప్రయత్నం ఎలా పోయిందో త్వరగా చెబుతాను. మే మొదటి వారంలో సుమారు 100 టన్నుల ఇనుప గోపురం లాంటిది దించారు, కారుతున్న చోట బోర్లిస్తే చమురు పైకి గొట్టంలో వస్తుందని. చల్లటి నీళ్ళు, గ్యాసు, అంత ఒత్తిడి కలిసేసరికి హైడ్రేట్లు అనే మంచు లాంటి పదార్థం పేరుకుని గోపురం మూసుకుపోయింది. తర్వాత విరిగిన గొట్టంలోకి సన్న పైపు దూర్చి కొంత చమురు లాగారు. మే 26న టాప్ కిల్ మొదలుపెట్టారు. మడ్‌ని, అంటే తవ్వకంలో వాడే బరువైన బురద లాంటి ద్రవాన్ని, బలంగా బావిలోకి పంపి చమురును వెనక్కి నెట్టడం. దానితోపాటు గోల్ఫ్ బంతులు, రబ్బరు ముక్కలు, ముడులు వేసిన తాళ్ళు కూడా పంపారు. టీవీలో అది విని జనం "ఇంత పెద్ద కంపెనీకి దొరికింది ఇదేనా" అన్నారు. మా పనిలో అది పాత పద్ధతే. సందుల్లో ఇరుక్కుని ఉరవడి తగ్గిస్తాయని వేస్తారు. కానీ నిలవలేదు. మే 29న కుదరలేదని ఒప్పుకున్నారు. జూన్‌లో ఒక వదులు మూత పెట్టి కొంత చమురు ఓడల్లోకి పట్టారు. జులై 12న క్యాపింగ్ స్టాక్ అనే గట్టి మూత బిగించారు, జులై 15న దాని వాల్వులు మూసేసరికి ఆగింది. పక్క నుంచి తవ్వుతూ వచ్చిన రిలీఫ్ వెల్ సెప్టెంబరులో అడుగున కలిసి సిమెంటు వేశాక సెప్టెంబరు 19న బావి చచ్చిందని ప్రకటించారు.

అంకె దగ్గర మొదలైన మోసం

జనం కోపం ఎలా పెరిగిందో చూడాలంటే ఈ ప్రయత్నాల పక్కన అంకెల్ని పెట్టి చూడండి.

ఏప్రిల్ 24 ప్రాంతంలో రోజుకు 1,000 బ్యారెళ్ళు అన్నారు. 28న 5,000 అన్నారు. ఆ 5,000 నెల రోజులు నడిచింది. మే 12న కారుతున్న గొట్టం వీడియో అర నిమిషం ముక్క ఒకటి బయటకు వచ్చింది. దాన్ని చూసి పర్డ్యూ యూనివర్సిటీ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ స్టీవ్ వేర్లీ, ద్రవంలో సుడులు కదిలే వేగం కొలిచే పద్ధతితో లెక్కేసి 70,000 దాకా ఉండొచ్చన్నారు. దేశం నిర్ఘాంతపోయింది. అప్పుడు ఎడ్ మార్కీ అనే కాంగ్రెస్ సభ్యుడు పట్టుబట్టడంతో సముద్రం అడుగు నుంచి లైవ్ వీడియో అందరికీ పెట్టారు. మే చివర్లో ప్రభుత్వ నిపుణుల బృందం 12,000 నుంచి 19,000 అంది, జూన్ 15కి 35,000 నుంచి 60,000 అంది. ఆగస్టులో చివరి లెక్క ప్రకారం మొదట్లో రోజుకు 62,000, ఆగే ముందు 53,000. మొత్తం 49 లక్షల బ్యారెళ్ళు, అంటే సుమారు 78 కోట్ల లీటర్లు. అందులో 8 లక్షల బ్యారెళ్ళ దాకా పట్టుకోగలిగారు. (2015లో కోర్టు జరిమానా కోసం సముద్రంలో కలిసింది 31.9 లక్షల బ్యారెళ్ళని తేల్చింది. ఎవరి లెక్క తీసుకున్నా 5,000 చొప్పున వచ్చే మొత్తానికి అది చాలా రెట్లు.)

"ఎంత కారుతోందన్నది ముఖ్యం కాదు, ఎలాగూ ఆపడానికే చూస్తున్నాం" అనే మాట అప్పట్లో కంపెనీ వైపు నుంచి వినిపించేది. మా ఆఫీసులో కూడా కొందరు సీనియర్లు అలాగే అనేవారు. నేను కూడా మొదటి రెండు వారాలు నమ్మాను. అది తప్పు.

ఎందుకంటే టాప్ కిల్ పనిచేయాలంటే ఉరవడి ఒక హద్దులో ఉండాలి. రోజుకు 15,000 బ్యారెళ్ళు దాటితే అది పనిచేయదని బీపీ లోపలి కాగితాల్లోనే ఉందని తర్వాత విచారణలో బయటపడింది. బయటికి చెప్పిన అంకె 5,000. నిజం అంతకు పది రెట్ల పైమాటే. టాప్ కిల్ పోయాక ఎందుకు పోయిందని ఆలోచించారు. ఉరవడి ఎక్కువ ఉండి మడ్‌ని విసిరేసిందన్న సూటి జవాబు పక్కకు పోయింది. బావి లోపల కేసింగ్‌కు (బావి గోడకు వేసే ఇనుప గొట్టం) ఉండే రప్చర్ డిస్కులు (ఒత్తిడి మితిమీరితే పగిలేలా పెట్టే బిళ్ళలు) పగిలి మడ్ పక్కలకు పోయి ఉంటుందన్న అనుమానం ముందుకు వచ్చింది. అలా పగిలి ఉంటే పైన గట్టిగా మూయడం ప్రమాదం. చమురు పక్క పొరల్లోంచి సముద్రం అడుగున ఎక్కడో చీల్చుకుని వస్తుంది, అప్పుడిక మూయడానికి బావి మూతి అంటూ ఉండదు. ఆ భయంతో గట్టి మూత పెట్టే ఆలోచన వెనక్కి పోయింది. జూన్ నెల అంతా వదులు మూతతో పట్టుకోవడం మీదే గడిచింది. చివరికి గట్టి మూతే పనిచేసింది. డిస్కులు పగిలాయన్న అనుమానం నిజం కాదని తేలింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. బావి ఆపే ప్రయత్నాల విషయంలో బీపీది తీవ్ర నిర్లక్ష్యం కాదని 2015లో జడ్జి కార్ల్ బార్బియర్ తీర్పు చెప్పారు. పేలుడు జరగడంలో మాత్రం తీవ్ర నిర్లక్ష్యం ఉందని అంతకు ముందే తేల్చారు. కాబట్టి కావాలని ఆలస్యం చేశారని నేను అనను. కానీ చమురు ఎంత కారుతోందన్న విషయంలో కాంగ్రెస్‌ను తప్పుదారి పట్టించినందుకు బీపీ 2012లో నేరం ఒప్పుకుంది. అదే అంకెల విషయంలో ఇన్వెస్టర్లను తప్పుదారి పట్టించినందుకు 52.5 కోట్ల డాలర్లు కట్టింది. జనం మే నెలలో వీధుల్లో అన్నదే రెండేళ్ళ తర్వాత కాగితం మీదికి వచ్చింది.

మరి జనం సలహాల సంగతి

కంపెనీ ఫోను నంబరు పెట్టి సలహాలు పంపమంది. లక్షకు పైగా వచ్చాయి. అన్నిటినీ చదవడానికే మనుషుల్ని పెట్టారు. చాలావరకు ఒకే రకం: పెద్ద ఇనుప బిరడా వేయండి, కాంక్రీటు పోయండి, గొట్టంలో బెలూన్ ఊదండి. వీటన్నిటికీ జవాబు పైన చెప్పిన గండే. బిరడాను పట్టి నిలపడానికి అక్కడ చేయి లేదు, వెనక నుంచి ఒత్తిడి ఆగదు.

జుట్టు కథ మాత్రం నాకు ఇప్పటికీ మనసులో ఉంది. ఊళ్ళ నుంచి సెలూన్లవాళ్ళు, గొర్రెల పెంపకందార్లు, పిల్లలు, కత్తిరించిన జుట్టు, ఉన్ని మూటలు కట్టి పంపారు. నైలాన్ మేజోళ్ళలో కూరి నీళ్ళ మీద వేస్తే చమురు పీల్చుకుంటుందని. మా అమ్మ అమలాపురం నుంచి ఫోన్ చేసి "తిరపతిలో అంత జుట్టు ఉంటుంది కదరా, పంపించొచ్చుగా" అంది. జుట్టుకు చమురు పడుతుంది, అది నిజమే. కానీ నీళ్ళు కూడా పీల్చుకుని బరువెక్కి మునుగుతుంది. చివరికి వాడలేదు. పంపినవాళ్ళకు చాలా బాధ కలిగింది. నేనైతే వాళ్ళను తెలివితక్కువ వాళ్ళనను. ఏదో ఒకటి చేతులతో చేయాలన్న ఆరాటం అది. దానికి సరైన పని చూపించలేకపోవడం నడిపించేవాళ్ళ లోపం.

నటుడు కెవిన్ కాస్ట్‌నర్ పెట్టుబడి పెట్టిన, నీటి నుంచి చమురు వేరుచేసే యంత్రాలను బీపీ 32 కొంది. అవి పైన నీళ్ళు శుభ్రం చేయడానికి, బావి ఆపడానికి కావు. అణుబాంబు పెట్టి మూసేయమన్నవాళ్ళు కూడా చాలామంది. ఆ మాట గాలిలోంచి రాలేదు. 1966లో సోవియట్ వాళ్ళు ఉజ్బెకిస్థాన్‌లో మూడేళ్ళుగా మండుతున్న గ్యాసు బావిని అలాగే ఆపారు. కానీ అది భూమి మీద, బావి పక్కన తవ్వుకుని లెక్క చూసుకుని చేసిన పని. సముద్రం అడుగున, పొరల గురించి అనుమానాలు ఉన్న చోట అది చేస్తే ఉన్న ఒక్క మూతి కూడా పోయేది. ప్రభుత్వం ఆ ఆలోచనే లేదని చెప్పేసింది.

బయటివాళ్ళ తెలివి ఉపయోగపడింది మాత్రం నిజం, అయితే బిరడా రూపంలో కాదు. వేర్లీ లెక్క ఒకటి. ఇంకోటి జులై 15 తర్వాత జరిగింది. మూత బిగించాక లోపలి ఒత్తిడి చదరపు అంగుళానికి 8,000, 9,000 పౌండ్ల దాకా ఎక్కితే బావి గట్టిగా ఉన్నట్టు, 6,000 లోపే ఆగితే పగిలినట్టు. అది 6,700 దగ్గర తచ్చాడింది. మళ్ళీ తెరిచేయాలా అన్నంత వరకు వచ్చింది. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో నీటి నిపుణుడు పాల్ షీ ఆ ఒత్తిడి రీడింగుల ఫొటోను సెల్‌ఫోన్‌లో అందుకుని, రాత్రంతా కూర్చుని లెక్క కట్టారు. చమురు పొర కొంత ఖాళీ అయినందువల్లే ఒత్తిడి తక్కువ చూపిస్తోంది, బావి గట్టిగానే ఉంది అని తేల్చారు. మూత తెరవలేదు. ఆ లెక్క లేకపోతే చమురు మళ్ళీ సముద్రంలోకి వదిలేవాళ్ళు. భూగర్భ జలాల మీద పనిచేసే మనిషి చమురు బావిని కాపాడారు. పాఠం చెప్పేటప్పుడు ఈ సంగతి నేను ఎప్పుడూ వదల్లేదు.

తీరం మీదివాళ్ళ కోపం వేరు, టీవీ ముందువాళ్ళ కోపం వేరు

టీవీ ముందున్నవాళ్ళకు ఆ లైవ్ వీడియో, చమురు పూసుకున్న పెలికాన్ పక్షుల ఫొటోలు. అధ్యక్షుడు ఒబామా మే 27న చెప్పారు, పొద్దున గడ్డం గీసుకుంటుంటే కూతురు మాలియా వచ్చి రంధ్రం మూశావా నాన్నా అని అడిగిందని. ఇంటింటా అదే ప్రశ్న. బీపీ అధిపతి టోనీ హేవర్డ్ తన మామూలు జీవితం తనకు తిరిగి కావాలన్నారు, 11 మంది చనిపోయిన నలభై రోజులకు. క్షమాపణ చెప్పారు కానీ ఆ మాట పోలేదు. చైర్మన్ స్వాన్‌బెర్గ్ వైట్‌హౌస్ బయట తీరం జనాన్ని చిన్న మనుషులు అన్నారు. ఆయనది స్వీడన్, ఇంగ్లిష్ సొంత భాష కాదు. అయినా తీరంలో ఎవరూ దాన్ని భాష తప్పుగా తీసుకోలేదు. మూడు రోజులకు హేవర్డ్ ఇంగ్లండ్‌లో పడవ పందెం చూడ్డానికి వెళ్ళారు. వేట ఆగి ఇంట్లో కూర్చున్న రొయ్యల వేటగాడికి ఆ ఫొటో ఎలా ఉంటుందో మీ నాన్నగారిని అడగండి, నాకంటే బాగా చెబుతారు.

బంకుల బహిష్కరణ గురించి నా అభిప్రాయం వేరు. బీపీ బోర్డు ఉన్న బంకులు చాలావరకు స్థానికంగా చిన్న యజమానులవి. అట్లాంటా దగ్గర నాకు తెలిసిన ఒక తెలుగాయనకు అలాంటి బంకు ఉండేది. ఆ వేసవిలో అమ్మకాలు పడిపోయి, బోర్డు మీద గుడ్డ కప్పాలా అని నన్ను అడిగారు. కోపం న్యాయమే, తగిలింది మాత్రం తగలాల్సిన చోట కాదు.

తీరం మీద పరిస్థితి చిక్కుగా ఉండేది. జూన్ మొదట్లో గల్ఫ్‌లో ఫెడరల్ సముద్ర జలాల్లో మూడో వంతుకు పైగా చేపల వేట నిషేధించారు. వేటగాళ్ళు తమ పడవల్నే కంపెనీకి అద్దెకిచ్చి చమురు ఎత్తే పనికి వెళ్ళారు. తిట్టేదీ ఆ కంపెనీనే, కూలి తీసుకునేదీ ఆ కంపెనీ దగ్గరే. వియత్నాం నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన రొయ్యల వేటగాళ్ళు చాలామంది. పరిహారం కాగితాలు తమ భాషలో లేక అవస్థ పడ్డారు. చమురు పైకి తేలకుండా చేయడానికి డిస్పర్సెంట్ అనే రసాయనం సుమారు 70 లక్షల లీటర్లు వాడారు, అందులో నలభై శాతం పైన బావి మూతి దగ్గరే. తీరం జనం "కనపడకుండా చేస్తున్నారు" అన్నారు. బావి పైన ఓడల్లో పనిచేసేవాళ్ళకు గ్యాసు ఆవిర్లు తగలకుండా అది కొంత సాయపడిందని ఇంజనీరుగా నేను ఒప్పుకుంటాను. కానీ అంత లోతులో అంత రసాయనం అంతకు ముందు ఎవరూ వాడలేదు. అలాంటప్పుడు అడగడం వాళ్ళ హక్కు.

అదే లూసియానా జనం, లోతు సముద్రంలో డ్రిల్లింగ్ ఆరు నెలలు ఆపేస్తూ ప్రభుత్వం ఆర్డరు వేస్తే దానికి వ్యతిరేకంగా జులై 21న లాఫయెట్‌లో వేలమంది సభ పెట్టారు. టీవీలో చూసి మా పక్కింటాయన "వీళ్ళకేం కావాలి అసలు" అన్నాడు. నాకు ఆశ్చర్యం వేయలేదు. ఒకే ఇంట్లో అన్న వేటకు, తమ్ముడు రిగ్గుకు వెళ్ళే ఊళ్ళు అవి. మన సఖినేటిపల్లి, అల్లవరం వైపు కూడా అలాంటి ఇళ్ళు ఉన్నాయి.

నా సొంత అనుభవం

1995 జనవరి 8న మన కోనసీమలో పాశర్లపూడి బ్లోఅవుట్ (బావి అదుపు తప్పి ఎగజిమ్మడం) అయినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. 65 రోజులు మండింది. మా ఊరికి దూరమే అయినా రాత్రి ఆకాశం ఎర్రగా ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారు. జనం బస్సులు కట్టించుకుని చూడ్డానికి వచ్చారు. ఇసుక లారీలు కుమ్మరించమని, పెద్ద ఇనుప గంగాళం బోర్లించమని సలహాలు. పదిహేనేళ్ళ తర్వాత హ్యూస్టన్‌లో టీవీలో ఇనుప గోపురం దించుతుంటే నాకు ఆ గంగాళమే గుర్తొచ్చింది. ఆ బ్లోఅవుట్ చూసే నేను ఈ చదువులోకి వచ్చాను.

రెండోది 2003లో. పేరు చెప్పను, డెల్టాలోనే ఒక సైటు. వాల్వు దగ్గర గ్యాసు లీకు, మంట లేదు. నేను జూనియర్‌ని, తెలుగువాణ్ణి కాబట్టి ఊళ్ళోకి వెళ్ళి చెప్పి రమ్మన్నారు. "రెండు రోజుల్లో ఆగిపోతుందని చెప్పు" అన్నారు పైవాళ్ళు. రెండు రోజుల్లో ఆగదని నాకు తెలుసు. విడిభాగం రావడానికే వారం పడుతుంది. అయినా రామాలయం అరుగు మీద నిలబడి రెండు రోజులే అని చెప్పాను. పదకొండు రోజులు పట్టింది.

ఆ మొదటి సాయంత్రం ఒకావిడ చంటిపిల్లని ఎత్తుకుని వచ్చి అడిగింది, "బాబూ, పొయ్యి వెలిగించుకోవచ్చా?" నిన్నటి నుంచి ఆ వీధిలో ఎవరూ పొయ్యి ముట్టించలేదట. అటుకులు నానబెట్టుకుని తింటున్నారు. మా సైటు ఆఫీసులో ఒత్తిడి చార్టులు, రిపోర్టులు, అన్నీ ఉన్నాయి. ఆ ప్రశ్నకు జవాబు ఎవరూ సిద్ధం చేసుకోలేదు.

ఆరో రోజు గాలి తిరిగింది. నిజంగానే రెండు వీధులు ఖాళీ చేయాలి. మళ్ళీ నేనే వెళ్ళాను. ఎవరూ కదల్లేదు. "మొన్న రెండు రోజులన్నావుగా, ఇది కూడా అంతేలే" అన్నారు. పోలీసులు వచ్చి బతిమాలి తీసుకెళ్ళాల్సి వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు, అది మా అదృష్టం. ఆ రోజు వాళ్ళు వినకపోవడానికి కారణం నేను. జులై 15న గల్ఫ్‌లో చమురు ఆగిందని చెబితే మా అపార్ట్‌మెంట్లో సగం మంది నమ్మలేదు, వీడియోలో ఏదో మార్చారన్నారు. నాకు ఆ అరుగు గుర్తొచ్చి వాళ్ళతో వాదించలేదు.

కోపం పని చెడగొట్టిందా? ఇది మీరు నేరుగా అడిగారు. కొంత ఇబ్బంది ఉంది. లూసియానా గవర్నరు బాబీ జిందాల్ మీద తీరం వాళ్ళ ఒత్తిడి వచ్చి సముద్రంలో ఇసుక దిబ్బలు కట్టించారు. చాలా డబ్బు పోయింది, అవి పట్టిన చమురు చాలా కొంచెం. కంట్రోల్ రూముల్లో ఉన్నవాళ్ళు, లోకం మొత్తం తమ రోబోల చేతులు చూస్తుంటే, విపరీతమైన ఒత్తిడిలో పనిచేశారు. కానీ త్రాసు రెండో పళ్ళెంలో ఏముందో చూడండి. ఆ కోపం లేకపోతే లైవ్ వీడియో లేదు. వీడియో లేకపోతే అసలు అంకె లేదు. జూన్ 16న 2,000 కోట్ల డాలర్ల పరిహార నిధిని కంపెనీ పక్కన పెట్టేది కాదు. ప్రభుత్వం ఇంధన మంత్రి స్టీవెన్ చూను, తన ల్యాబుల శాస్త్రవేత్తలను అంత గట్టిగా ఆ పనిలో కూర్చోబెట్టేది కాదు.

అంతకు ముందు 1979లో అదే గల్ఫ్‌లో మెక్సికో వైపు ఇష్టోక్ బావి పేలింది. నీటి లోతు 50 మీటర్లే. అప్పుడూ సాంబ్రెరో టోపీ పేరుతో గోపురం బోర్లించారు, సీసం, ఉక్కు గుళ్ళు పంపారు, చివరికి రిలీఫ్ వెల్‌తోనే ఆగింది, తొమ్మిది నెలలు పైగా పట్టింది. ముప్పై ఏళ్ళ తర్వాత ముప్పై రెట్ల లోతు నీటిలో తవ్వగలిగే యంత్రాలు వచ్చాయి, ఆపే పరికరం మాత్రం సిద్ధంగా పెట్టుకోలేదు. మకోండో మూతను పేలుడు జరిగాక తయారు చేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే కంపెనీలు కలిసి క్యాపింగ్ స్టాకులు ముందే చేయించి నిల్వ పెట్టుకోవడం మొదలుపెట్టాయి.

ఇక మీ నాన్నగారి సంగతి

మొదట భయం కొంచెం తగ్గించే మాట. మన ఒడ్డుకు దగ్గర్లో కనిపించే రిగ్గులు, ప్లాట్‌ఫారాలు చాలావరకు తక్కువ లోతు నీళ్ళలోవి. బావి మూతి చేతికి అందుతుంది, డైవర్లు దిగగలరు. మకోండో లాంటి కష్టం లోతు నీటి బావులకు. మన తీరంలో అవి ఇంకా లోపల, ఒడ్డు నుంచి కనపడవు. చమురు సముద్రంలో పడితే మన దేశంలో ముందుండి చూసేది కోస్ట్ గార్డు, దానికి జాతీయ ప్రణాళిక ఉంది. అయినా 2017 జనవరిలో చెన్నై పక్క ఎన్నూరు దగ్గర రెండు ఓడలు గుద్దుకున్నప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకోండి. మొదటి ప్రకటనలో కాలుష్యం ఏమీ లేదన్నారు. కొన్ని రోజులకు కుర్రాళ్ళు బకెట్లతో చమురు తోడుతున్నారు. మళ్ళీ అంకె దగ్గరే.

కాబట్టి మీ వైపు కొత్త బావులకు ప్రజాభిప్రాయ సేకరణ సభ పెడితే, ఉద్యోగాలు, రోడ్లు అడిగినా తప్పు లేదు కానీ వాటితోపాటు ఇవి కూడా అడగండి, జవాబు రాతలో తీసుకోండి. క్యాపింగ్ స్టాక్ ఎక్కడ ఉంది, ఇక్కడికి రావడానికి ఎన్ని రోజులు? రిలీఫ్ వెల్ తవ్వాల్సి వస్తే ఏ రిగ్గు వస్తుందో ముందే మాట్లాడుకున్నారా? ఎంత కారుతోందో కంపెనీ కాకుండా ఎవరు కొలుస్తారు, ఎన్ని గంటల్లో ఊరికి చెబుతారు? వేట ఆగితే రోజుకు ఎంత ఇస్తారు, ఎన్నో రోజు నుంచి? చివరిది చిన్నగా కనిపిస్తుంది కానీ వదలకండి: పొయ్యి వెలిగించుకోవచ్చా, నీళ్ళు తాగొచ్చా, చేప తినొచ్చా అని అడిగితే జవాబు చెప్పే మనిషి ఎవరు, ఫోను నంబరు ఏది?

సభ నోటీసు వస్తే దాని ముఖ్యాంశాలు ఇక్కడ పెట్టండి. బావి లోతు, నీటి లోతు, పక్కన ఉన్న పాత బావులు ఇస్తే, మీ ఊరికి సంబంధించి ఇంకా ఏం అడగాలో కూర్చుని రాసిస్తాను.